కార్డు మారే చోట

స్కేల్ షేపులు నేర్చుకున్న కొన్నాళ్లకు గిటార్ విద్యార్థులు చాలామంది ఒకే చోట ఆగిపోతారు. వేళ్లు చకచకా ఆడతాయి, తప్పు స్వరం ఒక్కటీ పడదు, అయినా వినేవాళ్లకు అది సోలోలా అనిపించదు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. వెనక కార్డులు వాటి దారిన అవి మారుతుంటాయి, సోలో దాని దారిన అది పోతుంటుంది. ఇదేదో షేపులు చాలకపోవడం వల్ల వచ్చిందనుకుని రెండో బాక్స్, మూడో బాక్స్, ఆ తర్వాత డోరియన్, మిక్సోలిడియన్ అంటూ వెళ్తారు. సరుకు పెరుగుతుంది, జబ్బు మాత్రం కదలదు.

ఏ స్వరాలు వాయించవచ్చో షేప్ చెబుతుంది. వాటిలో ఏది ఎప్పుడు వాయించాలో దానికి తెలియదు. ఊళ్లో వీధులన్నీ తెలిసి, ఎవరింటికి పోవాలో మాత్రం తెలియని మనిషి ఎలా తిరుగుతాడో ఒట్టి బాక్స్ తెలిసినవాడి సోలో అలా ఉంటుంది. చిరునామా ఉన్నది కింద మోగే కార్డు దగ్గర. అందుకే ఈ అధ్యాయంలో కొత్త షేప్ ఒక్కటీ ఇవ్వను. మీకు ఇప్పటికే వచ్చిన షేప్‌లో, కార్డు మారే క్షణంలో వేలు ఎక్కడ దిగాలో, దిగడానికి కాస్త ముందు ఏం చెయ్యాలో చూద్దాం.

తీగల లెక్క ముందే అనుకుందాం. సన్న తీగ ఒకటోది, లావు తీగ ఆరోది. అందరికీ తెలిసిన షేప్ ఎ మైనర్ పెంటాటోనిక్, ఐదో ఫ్రెట్ దగ్గరిది. ఆరో తీగ మీద 5, 8. ఐదు, నాలుగు, మూడు తీగల మీద 5, 7. రెండు, ఒకటి తీగల మీద మళ్లీ 5, 8. వేలు పెట్టే చోట్లు పన్నెండు, స్వరాలు మాత్రం ఐదే: ఎ, సి, డి, ఇ, జి.

ఇంట్లో కర్ణాటక సంగీతం వింటూ పెరిగినవాళ్లకు ఈ ఐదూ కొత్తవేమీ కావు. ఎ ని షడ్జమం చేసుకుంటే శుద్ధ ధన్యాసి. అవే ఫ్రెట్లు, సి షడ్జమం అయితే మోహన. డి నుంచి మధ్యమావతి, ఇ నుంచి హిందోళం, జి నుంచి శుద్ధ సావేరి. మన గ్రహభేదం మొత్తం ఆ నాలుగు ఫ్రెట్ల మేరలోనే దొరుకుతుంది. (రాగమంటే ఒట్టి స్వరాల జాబితా కాదని ఎవరైనా కోప్పడతారేమో, నిజమే, గమకం లేని హిందోళాన్ని ఎవరూ హిందోళం అనరు. ఇక్కడ మనకు కావలసింది స్వరస్థానాలు మాత్రమే.) ఈ పరిచయం చెవికి ఎంతో బలం. కానీ ఇక్కడే ఒక చిక్కు కూడా ఉంది. తంబురా మారదు. వర్ణం మొదలెట్టినప్పుడు ఏ షడ్జమం మోగిందో మంగళం పాడేదాకా అదే మోగుతుంది, కాబట్టి గాంధారం కచేరీ అంతా గాంధారమే. కార్డుల మీద నడిచే పాటలో ఆ ఆధారమే ఒకటి రెండు బార్లకోసారి జరిగిపోతుంది. మీ వేలు ఉన్నచోటనే ఉంటుంది, కింద నేల మారిపోతుంది.

ఎ, డి, ఇ కార్డుల మీద సి అనే ఒక్క స్వరాన్ని వాయించి చూడండి. ఎ7 మోగుతున్నప్పుడు అది కార్డులోని సి షార్ప్‌తో రాపిడి పెట్టుకుంటుంది. డి7 రాగానే కార్డులో సొంత మనిషి అయిపోతుంది, ఎందుకంటే డి7 అంటేనే డి, ఎఫ్ షార్ప్, ఎ, సి. ఇ7 మీద దానికి నిలకడ ఉండదు, పక్కనున్న బి మీదికి జారాలని చూస్తుంది. అదే తీగ, అదే ఫ్రెట్, మూడు రకాల స్వభావం. దీన్ని చదివి ఒప్పుకుంటే చాలదు. ఒక్కో కార్డును ఫోన్‌లో రికార్డు చేసుకుని, దాని మీద మూడో తీగ ఐదో ఫ్రెట్ ఒక్కటే నొక్కి, మోత ఆగేదాకా వినండి.

సాధనకు పన్నెండు బార్ల బ్లూస్‌ను మించింది లేదు. అమెరికా నల్లజాతివారి సంగీతంలో పుట్టిన ఈ చట్రం 1912లో డబ్ల్యూ.సి. హ్యాండీ "మెంఫిస్ బ్లూస్" అచ్చువేసే నాటికే నోటేషన్‌లోకి ఎక్కింది. చక్ బెర్రీ 1958లో తెచ్చిన "జానీ బి. గుడ్" కూడా ఈ చట్రంలోదే. ఎ లో అయితే లెక్క ఇది: మొదటి నాలుగు బార్లు ఎ7, రెండు బార్లు డి7, మళ్లీ రెండు బార్లు ఎ7, ఆపైన ఇ7, డి7, ఎ7, ఇ7 ఒక్కో బార్. ఇందులో ఏ కార్డు మార్పు ఎప్పుడు వస్తుందో నాలుగైదు చుట్లలో ఒంటికి పట్టేస్తుంది. ఇక లెక్కపెట్టే పని ఉండదు, మనసంతా స్వరం మీద పెట్టొచ్చు.

మొదట ఈ మూడు కార్డుల్నీ బాక్స్ ఉన్నచోటనే పట్టుకోండి, చెయ్యి కదపకుండా. ఎ7 ఐదో ఫ్రెట్ బ్యారే: ఆరో తీగ నుంచి వరసగా 5, 7, 5, 6, 5, 5. డి7 కూడా ఐదో ఫ్రెట్ బ్యారేనే, ఐదో తీగ నుంచి 5, 7, 5, 7, 5. ఇ7 కోసం మనందరికీ తెలిసిన సి7 ఆకారాన్ని పైకి జరిపితే సరిపోతుంది: ఐదో తీగ నుంచి 7, 6, 7, 5, ఒకటో తీగ వద్దు. మూడూ మీ బాక్స్ ఇంట్లోనే కాపురం ఉన్నాయి. సోలో షేపులు ఒక పుస్తకంలో, కార్డు షేపులు ఇంకో పుస్తకంలో నేర్పడం వల్ల ఈ సంగతి చాలామందికి ఏళ్ల తరబడి కనిపించదు. ఛార్లీ క్రిస్టియన్ 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరి, 1942లో పాతికేళ్ల వయసులో చనిపోయేలోపు ఎలక్ట్రిక్ గిటార్ సోలో అంటే ఏమిటో తేల్చేశాడు. ఆయన సోలోలు కార్డు ఆకారాల చుట్టూ అల్లుకున్నవే.

ఇప్పుడు అసలు విషయం. నాలుగో తీగ ఐదో ఫ్రెట్, మూడో తీగ ఆరో ఫ్రెట్ రెండిటినీ కలిపి మీటండి. జి, సి షార్ప్. రెండే స్వరాలు, అయినా చెవికి ఎ7 మొత్తం వినిపిస్తుంది. ఆ రెండు వేళ్లనూ అలాగే ఒక ఫ్రెట్ నట్ వైపు జరపండి: 4, 5. అది డి7. మళ్లీ మొదటి చోటికి వచ్చి, ఈసారి ఒక ఫ్రెట్ బాడీ వైపు జరపండి: 6, 7. అది ఇ7. పన్నెండు బార్ల బ్లూస్ మొత్తాన్ని రెండు వేళ్లతో, అటొక ఫ్రెట్ ఇటొక ఫ్రెట్ జరుగుతూ వాయించవచ్చు. పది చుట్లు వాయించండి, విసుగొచ్చినా మానకండి. వేళ్లకు నేర్పడం కంటే చెవికి నేర్పడమే ఇక్కడ పని.

వాయిస్తూ ఒకటి గమనించండి. ఈ ఆరు స్వరాల్లో జి, సి, డి మీ పెంటాటోనిక్ బాక్స్‌లోనివి. సి షార్ప్, ఎఫ్ షార్ప్, జి షార్ప్ అందులో లేవు. ఆ లేని మూడూ ఏవంటే, ఆయా కార్డును షడ్జమం చేసుకుంటే దాని అంతర గాంధారాలు. అంటే ఏ స్వరం వింటే ఇది ఫలానా కార్డని చెవి పోల్చుకుంటుందో సరిగ్గా అదే బాక్స్‌లో లేదు. బాక్స్‌లో ఎంతసేపు తిరిగినా కార్డు మారినట్టు సోలోలో వినపడకపోవడానికి పెద్ద కారణం ఇదే. ఇక మీరు చెయ్యాల్సిందల్లా బాక్స్‌ను పారెయ్యకుండా ఈ మూడింటినీ దానికి చేర్చుకోవడం, అదీ వాటి వాటి బార్లలో మాత్రమే.

ఎలా చేర్చాలి? మొదట బార్‌కు ఒకే స్వరం. మొదటి నాలుగు బార్లూ మూడో తీగ ఆరో ఫ్రెట్, సి షార్ప్. ఐదో బార్ ఒకటో దెబ్బకు ఒక ఫ్రెట్ వెనక్కి, సి. ఏడో బార్‌లో తిరిగి సి షార్ప్. తొమ్మిదో బార్‌లో నాలుగో తీగ ఆరో ఫ్రెట్ జి షార్ప్, పదిలో అదే తీగ నాలుగో ఫ్రెట్ ఎఫ్ షార్ప్, పదకొండులో మళ్లీ సి షార్ప్, పన్నెండులో జి షార్ప్. మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టండి. ఇంత నెమ్మదా అని అనిపిస్తుంది. ఆ నెమ్మదిలోనే ఐదో బార్ మొదలైనప్పుడు సి షార్ప్ సి అయ్యే ఒక్క ఫ్రెట్టు తేడా గుండెకు తగులుతుంది. బ్లూస్ రుచి సగం అక్కడే ఉంది.

తర్వాత, ఆ స్వరం మీదికి వెళ్లే దారి వేసుకోండి. కల్పనస్వరం పాడేవాళ్లు ఆవర్తనమంతా ఎన్ని వంకర్లు తిరిగినా, పల్లవి ఎత్తుగడ వచ్చే చోటికి సరిగ్గా వచ్చి వాలతారు. ఆఖరి క్షణంలో వెతుక్కోరు, ముందు నుంచే కన్ను అక్కడ ఉంటుంది. మీరూ నాలుగో బార్ ఆఖరి దెబ్బల్లో బయల్దేరండి: రెండో తీగ 5, మూడో తీగ 7, మూడో తీగ 6, ఐదో బార్ మొదటి దెబ్బకు మూడో తీగ 5. ఇ, డి, సి షార్ప్, సి. నాలుగే స్వరాలు. వెనక బ్యాకింగ్ ఆపేసి వాయించినా డి7 వచ్చిందని వినేవాళ్లకు తెలుస్తుంది. ఇదొక్కటి చేతికి వచ్చాక మీరే ఇంకో దారి వెయ్యండి, కింద నుంచి ఎక్కి వచ్చేది. ఆ తర్వాత ఎనిమిదో బార్ నుంచి తొమ్మిదికి వెళ్లే దారి, జి నుంచి జి షార్ప్‌కు. దారులు పుస్తకం నుంచి తెచ్చుకునేకన్నా మీరు కట్టుకున్నవే కచేరీలో చెయ్యి విడవకుండా ఉంటాయి.

బ్లూస్‌లో సి, సి షార్ప్ తగాదాకు ఒక పాత పరిష్కారం ఉంది. ఎ7 మీద మూడో తీగ ఐదో ఫ్రెట్‌ను చూపుడువేలితో నొక్కి, నేల వైపు ఇసుమంత లాగండి. సి దాటుతుంది, సి షార్ప్ చేరదు. పియానోలో ఆ స్వరానికి మెట్టు లేదు. గమకాలు విని పెరిగిన చెవికి ఇది వెంటనే నచ్చుతుంది. అయితే లాగడం మొదలెట్టాక చాలామంది అన్నీ లాగేస్తారు, శ్రుతి చూసుకోరు. పూర్తి బెండ్‌కు సాధన వేరే: మూడో తీగ ఏడో ఫ్రెట్ డి ని ఇ దాకా లాగాలి. ఉంగరం వేలు నొక్కుతుంది, దాని వెనక మధ్యవేలు, చూపుడువేలు కూడా అదే తీగ మీద ఆనించి తోడు పట్టాలి. బొటనవేలు నెక్ మీదుగా పైకి వచ్చి పట్టు ఇస్తుంది. కదిలేది మణికట్టు, తలుపు గుబ్బ తిప్పినప్పటి కదలిక. లాగిన స్వరం సరిపోయిందో లేదో తెలియాలంటే రెండో తీగ ఐదో ఫ్రెట్ వాయించి పోల్చండి, అదీ ఇ నే. మనవాళ్లు ఎక్కువమంది అకూస్టిక్‌తో మొదలెడతారు, దానికి మూడో తీగ చుట్టు తీగ కావడంతో ఈ బెండ్ రాదు, వేళ్లు మాత్రం పుండవుతాయి. పంతం వద్దు. ఏడో ఫ్రెట్ నుంచి తొమ్మిదికి జారండి, స్వరం అదే.

ఇక ఊపిరి. గాయకుడికి ఊపిరి అయిపోతుంది కాబట్టి వాక్యం ఆగుతుంది. గిటార్‌కు ఆ ఇబ్బంది లేకపోవడమే ఇబ్బంది. బ్లూస్ పాటలో ప్రతి నాలుగు బార్లకు గొంతు రెండు బార్లు పాడుతుంది, తక్కిన రెండింటిలో వాద్యం జవాబిస్తుంది. బి.బి. కింగ్ 1964లో షికాగోలో వాయించగా 1965లో విడుదలైన "లైవ్ ఎట్ ది రీగల్" రికార్డు వినండి. పాడేటప్పుడు గిటార్ నోరు మెదపదు, గిటార్ మాట్లాడేటప్పుడు ఆయన పాడడు. మీ సోలోలోనూ రెండు బార్లు వాయించి రెండు బార్లు ఊరుకోండి. వాయించే ముందు ఆ రెండు బార్లూ నోటితో పాడి, పాడినదే వాయించండి. గొంతు బాగుండక్కర్లేదు. నోటితో పాడలేనంత వేగం, నోటికి తట్టని గెంతులు వేళ్ల అలవాటు వల్ల వచ్చినవి. అవి రాలిపోతే బాధపడాల్సింది ఏమీ లేదు.

అన్ని పాటలూ బ్లూస్ కావు కదా అంటారు. ఎ మైనర్, ఎఫ్, సి, జి అనే నాలుగు కార్డుల వరస మీద లెక్కలేనన్ని పాటలున్నాయి. దాని మీద ఎ మైనర్ పెంటాటోనిక్ ఎక్కడ ఏం వాయించినా పెద్దగా తేడా కొట్టదు, అందుకే అది సోమరితనం నేర్పుతుంది. ఒక్కో కార్డు గాంధారం చూసుకోండి: ఎ మైనర్‌కు మూడో తీగ 5, ఎఫ్ కు నాలుగో తీగ 7, సి కి రెండో తీగ 5, జి కి మూడో తీగ 4. చివరిది ఒక్కటే బాక్స్ బయటిది. బ్లూస్‌లో చేసిన సాధనే ఇక్కడా చెయ్యండి, వారం పట్టదు.

ఐదు బాక్సుల సంగతి? నేర్చుకోవాలి, తొందరేమీ లేదు. ఒక బాక్స్‌లో కార్డు మార్పులు వినిపించలేనివాడు ఐదు బాక్సుల్లోనూ వినిపించలేడు. రెండోదిగా ఏది అని అడిగితే, నేనైతే వరసలో ఉన్న రెండో బాక్స్‌ను వదిలేసి, పదో ఫ్రెట్ దగ్గరికి పంపుతాను. అక్కడ రెండో తీగ పదో ఫ్రెట్ మీద ఎ ఉంది. దాని చుట్టూ మూడో తీగ 11, రెండో తీగ 12, ఒకటో తీగ 10, 12. ఈ చిన్న గూడునే గిటార్ వాళ్లు బి.బి. బాక్స్ అంటారు. అయిదే స్వరాలు, చూపుడువేలి కింద షడ్జమం. ఒక జీవితకాలం కచేరీలు చెయ్యడానికి అది బి.బి. కింగ్‌కు సరిపోయింది.

మోడ్స్ గురించి ఇక్కడ ఒక్క మాట. మైల్స్ డేవిస్ 1959 నాటి "సో వాట్" 32 బార్ల పాట. 16 బార్లు డి డోరియన్, 8 బార్లు అర స్వరం పైన ఇ ఫ్లాట్ డోరియన్, మళ్లీ 8 బార్లు డి. షేప్ మొత్తం ఒక ఫ్రెట్ ముందుకు జరిగి వెనక్కి వస్తుంది, అంతే. కార్డులు తక్కువగా ఉన్నప్పుడు షేప్‌కు పని ఎక్కువ, కార్డులు వెంటవెంటనే మారే పాటలో వాలే స్వరానికి పని ఎక్కువ. పాట చేతికి వచ్చినప్పుడు మొదట చూడాల్సింది అదే.

బ్యాకింగ్ ట్రాకులు వాడండి, కానీ వాటిలో డ్రమ్స్, కీబోర్డు నిండుగా ఉండి మీ తప్పుల్ని కప్పేస్తాయి. మీ రిథమ్ మీరే ఫోన్‌లో రికార్డు చేసుకుంటే తాళం ఎక్కడ తప్పుతుందో కూడా బయటపడుతుంది. వారానికోసారి ఆ రికార్డింగూ లేకుండా, మెట్రోనోమ్ టిక్కుల మీద ఒట్టి సోలో వాయించి రికార్డు చెయ్యండి. మర్నాడు వినండి. కార్డులు ఎక్కడ మారాయో సోలో ఒక్కదాన్ని విని చెప్పగలుగుతున్నారా? లేదంటే ఏ బార్‌లో దారి తప్పిందో వెతికి, ఆ రెండు బార్లనే సాధన చెయ్యండి. పాట మొత్తం మళ్లీ మళ్లీ వాయించడం కాలక్షేపమే అవుతుంది.

చివరగా, గిటార్ పట్టిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు తడుముకునే "హోటల్ కాలిఫోర్నియా". ఈగల్స్ 1976లో ఆ పేరుతోనే ఆల్బమ్ తెచ్చారు, చివరి సోలోను డాన్ ఫెల్డర్, జో వాల్ష్ వంతులు వేసుకుని వాయించి, ఆఖరున జోడీగా కార్డుల స్వరాల్లోనే విరుచుకుంటూ దిగుతారు. కార్డుల వరస: బి మైనర్, ఎఫ్ షార్ప్, ఎ, ఇ, జి, డి, ఇ మైనర్, ఎఫ్ షార్ప్, ఒక్కో బార్. మనవాళ్లు ఏడో ఫ్రెట్ దగ్గర బి మైనర్ పెంటాటోనిక్ పట్టుకుని మొదలెడతారు, రెండో బార్‌లోనే తేడా కొడుతుంది. ఎఫ్ షార్ప్ కార్డులో ఎ షార్ప్ ఉంది, బాక్స్‌లో ఉన్నది ఎ.

బాక్స్‌ను కాసేపు పక్కన పెట్టి రెండో తీగ ఒక్కదాని మీద చూడండి. బి మైనర్‌కు 12వ ఫ్రెట్ బి. ఎఫ్ షార్ప్ రాగానే 11, ఎ షార్ప్. ఎ కార్డుకు 10. ఇ కి 9, జి షార్ప్. జి కి 8. డి కి 7, ఎఫ్ షార్ప్. ఆరు కార్డులకు ఆరు ఫ్రెట్లు, ఒక్క మెట్టు కూడా వదలకుండా దిగుతాం. ఇ మైనర్‌కు తిరిగి 8 కి ఎక్కి జి పట్టుకోండి, ఆఖరి ఎఫ్ షార్ప్ కార్డుకు 11 మీద ఎ షార్ప్ నొక్కి పట్టుకుంటే అది తనంతట తానే 12 వైపు, అంటే మళ్లీ మొదటి కార్డు వైపు లాగుతుంది. ఈ ఎనిమిది స్వరాలూ మొదట బార్‌కు ఒకటిగా వాయించండి. రెండో చుట్టులో ఒక్కో స్వరానికి ముందు ఏడో ఫ్రెట్ బాక్స్ నుంచి రెండు మూడు స్వరాలు తెచ్చి కలపండి. మూడో చుట్టులో ఏ బార్‌లో ఊరుకోవాలో మీరే తేల్చుకోండి.